క్రిప్టో మోసాల దర్యాప్తు: డిజిటల్ ఆనవాళ్ళే ఆధారం

బాన్సువాడ, కామారెడ్డి జిల్లా: మంజీర నది చేరువన, నిజాంసాగర్ ఆయకట్టు కింద వరి పండించే ప్రాంతం బాన్సువాడ. ధాన్యం అమ్మగా వచ్చిన డబ్బు, గల్ఫ్ దేశాల నుండి ఇంటివారు పంపిన సొమ్ము, ఉద్యోగ విరమణ నాడు చేతికందిన మొత్తం, ఇవే ఇక్కడి అనేక కుటుంబాల పొదుపు. కొద్ది రోజుల్లోనే రెట్టింపు లాభమంటూ వాట్సాప్‌, టెలిగ్రామ్‌ల ద్వారా వచ్చే క్రిప్టో పెట్టుబడి సందేశాలు గురిపెట్టేది ఇటువంటి పొదుపుపైననే.

మోసపోయిన వారిలో పలువురు పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కక ముందే రెండు పనులు చేస్తుంటారు. కాయిన్లుగా మారిన డబ్బుకు జాడ ఉండదని ఎవరో చెప్పిన మాట నమ్మి ఆశ వదులుకొంటారు. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందన్న సంకోచంతో ఆ యాప్‌ను, అందులోని సంభాషణలను ఫోను నుండి తొలగిస్తారు. మొదటి నమ్మకం తప్పు. రెండవ పని ఆ తప్పుడు నమ్మకాన్ని నిజం చేసి పెడుతుంది. క్రిప్టో లావాదేవీల ఖాతా ప్రపంచవ్యాప్తంగా వేలాది కంప్యూటర్లలో చెక్కుచెదరక నిలిచే ఉంటుంది. ఆ ఖాతాలోని అంకెలను ఒక మనిషితో కలిపే ఆధారం మాత్రం తరచుగా ఫోనులోనే ఉంటుంది. ఈ రెండింటినీ జతపరచి న్యాయస్థానం ముందు నిలబెట్టే విద్యయే డిజిటల్ ఫోరెన్సిక్స్. దాని పనితీరును, పరిమితులను పౌరుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లు లేని పహాణీ

2008 అక్టోబరు 31న సతోషి నకమోతో అనే మారుపేరుతో వెలువడిన ఒక పత్రం బిట్‌కాయిన్‌కు రూపకల్పన చేసినది. 2009 జనవరి 3న దాని తొలి బ్లాకు ఏర్పడినది. నాటి నుండి నేటి వరకు జరిగిన ప్రతి బిట్‌కాయిన్ లావాదేవీ, ఎంత మొత్తం, ఏ సమయాన, ఏ చిరునామా నుండి ఏ చిరునామాకు వెళ్ళినదీ, బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ ఖాతాలో నమోదై ఉన్నది. దానిని ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చును. నమోదైన పద్దును తరువాత చెరపడం ఆచరణలో సాధ్యపడదు.

మన రైతులకు తెలిసిన పోలిక చెప్పాలంటే ఇది ఊరంతటికీ తెరచి ఉంచిన పహాణీ వంటిది. తేడా ఒక్కటే: పహాణీలో పట్టాదారు పేరు ఉంటుంది, ఇందులో పేరుకు బదులు అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి చిరునామా ఉంటుంది. కాబట్టి క్రిప్టోను అజ్ఞాత ద్రవ్యం అనడం సరికాదు, మారుపేరుతో నడిచే ద్రవ్యం అనడం సమంజసం. మారుపేరు వెనుకనున్న మనిషి ఒక్కసారి బయటపడితే అతని పాత పద్దులన్నియు ఒకేసారి వెలుగులోకి వస్తాయి. చేతులు మారిన నోట్ల కట్టకు ఈ గుణం లేదు.

మోసగాళ్ళు బిట్‌కాయిన్ కంటె ఎక్కువగా వాడేది యు.ఎస్.డి.టి. అనే కాయిన్‌ను. టెథర్ అనే సంస్థ జారీచేసే ఈ కాయిన్ విలువ ఒక అమెరికా డాలరుతో సమానంగా నిలిచేలా రూపొందించబడినది. బిట్‌కాయిన్ ధరవలె పైకీ కిందికీ ఊగదు. ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్‌పై స్వల్ప రుసుముతో, క్షణాలలో బదిలీ అవుతుంది. ట్రాన్ చిరునామా ఇంగ్లీషు అక్షరం ‘టి’తో మొదలై 34 అక్షరాలు కలిగి ఉంటుంది. ఎథీరియం చిరునామా సున్నా, ‘ఎక్స్’తో మొదలవుతుంది. ఫిర్యాదుదారుని ఫోనులో ఇటువంటి వరుస ఒక్కటి దొరికినా దర్యాప్తు ఏ ఖాతా పుస్తకాన్ని తెరవవలెనో తెలిసిపోతుంది.

హైదరాబాదు కేసు చెప్పిన సంగతులు

2023 జూలైలో హైదరాబాదు నగర పోలీసులు వెల్లడించిన కేసు ఈ విషయంలో మన రాష్ట్రానికి పాఠ్యపుస్తకం వంటిది. చిక్కడపల్లి ప్రాంతవాసి ఒకరు 28 లక్షల రూపాయలు పోగొట్టుకొని చేసిన ఫిర్యాదుతో అది మొదలైనది. ఇంటి వద్దనే కూర్చొని రేటింగులు, రివ్యూలు ఇచ్చే తేలికపాటి పనులంటూ టెలిగ్రామ్‌లో ఆయనకు ఎర వేశారు. తొలుత వెయ్యి రూపాయలు కట్టించుకొని 866 రూపాయల లాభం చూపారు. నమ్మకం కుదిరిన తరువాత మొత్తాలు పెరిగాయి. తెరపై లాభం కనబడుతూనే ఉన్నది, తీసుకోబోతే రాలేదు.

ఒక్క బాధితుని బ్యాంకు పద్దుల వెంట వెళ్ళిన పోలీసులకు అవి డొల్ల సంస్థల ఖాతాలకు, అక్కడి నుండి మరికొన్ని ఖాతాలకు, చివరకు దుబాయి మీదుగా క్రిప్టో కరెన్సీ కొనుగోళ్ళకు దారితీసినట్లు కనబడినది. దేశవ్యాప్తంగా సుమారు 15 వేల మంది బాధితులున్నారనీ, మొత్తం 712 కోట్ల రూపాయలు చేతులు మారినవనీ అప్పటి నగర పోలీసు కమిషనర్ శ్రీ సి.వి. ఆనంద్ ప్రకటించారు. వివిధ నగరాల నుండి తొమ్మిది మందిని అరెస్టు చేశారు. సూత్రధారులు చైనా దేశీయులని దర్యాప్తులో తేలినది. ఆ సొమ్ములో కొంత, లెబనాన్‌కు చెందిన హిజ్బుల్లా సంస్థతో ముడిపడినట్లు గుర్తింపబడిన వాలెట్‌కు కూడా చేరినట్లు పోలీసులు తెలిపారు. చిక్కడపల్లిలో ఒక గృహస్థు సెల్‌ఫోనులో రివ్యూ రాయడంతో మొదలైన దారి పశ్చిమాసియా వరకు వెళ్ళినదంటే, ఆ దారి పొడవునా అడుగుజాడలు మిగిలి ఉన్నందువల్లనే అది తెలియవచ్చినది.

ఈ కేసులో గమనింపదగిన మరొక అంశం కలదు. భారతీయుల పేర్లతో ఇక్కడ తెరిచిన బ్యాంకు ఖాతాలను విదేశాల నుండి, దూరం నుండి ఫోనును నడిపే యాప్‌ల ద్వారా, ఓ.టి.పి.లను మరొకరికి చేరవేసే యాప్‌ల ద్వారా నడిపించారు. అనగా ఖాతాదారుడు ఒకరు, నడిపేవాడు మరొకరు. ఎవరు ఏ ఫోను నుండి, ఏ ఐ.పి. చిరునామా నుండి ఖాతాలోకి ప్రవేశించారన్నది బ్యాంకు లాగ్‌లు, ఫోనులోని యాప్ జాడలు మాత్రమే చెప్పగలవు. కమీషన్‌కు ఆశపడి తమ ఖాతాను, ఏ.టి.ఎం. కార్డును, సిమ్ కార్డును ‘అద్దెకు’ ఇచ్చే యువకులు తమకు ఏమీ తెలియదని చెప్పినంత మాత్రాన కేసు నుండి బయటపడలేరు. తొలి నోటీసు వచ్చేది వారి ఇంటికే.

ఇంతకు ముందు, 2020 చివరలో మన రాష్ట్రంలో వెలుగుచూసిన రుణ యాప్‌ల వేధింపుల కేసులోనూ ఇదే దారి కనబడినది. ఆ కేసుల ఆధారంగా దర్యాప్తు చేసిన ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్, 2022 ఆగస్టులో వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజిని నడిపే జన్మాయ్ ల్యాబ్ సంస్థకు చెందిన 64.67 కోట్ల రూపాయల బ్యాంకు నిల్వలను స్తంభింపజేసినది. సంస్థ సహకరించిన మీదట మరుసటి నెలలో ఆ నిల్వలు విడుదలయ్యాయి. గోదావరి అవతలి నిర్మల్ జిల్లాలో 2024లో యూబిట్ కాయిన్ పేరిట జరిగిన గొలుసుకట్టు వ్యవహారంలో ప్రభుత్వోద్యోగులు సైతం అరెస్టయ్యారు. చదువుకొన్నవారు మోసపోరనే మాటకు ఇక విలువ లేదు. వారిని చూసి తక్కినవారు నమ్మడం అంతకంటె పెద్ద నష్టం.

ఫోను చేతికి వచ్చిన క్షణం నుండి

డిజిటల్ ఫోరెన్సిక్స్ అనగానే ప్రయోగశాల, అద్దాల గది కళ్ళముందు మెదులుతాయి. వాస్తవానికి కేసు నిలబడేదీ, కూలిపోయేదీ చాలాసార్లు సోదా జరిగే ఇంటిలోనే. ఫోను తెరచి ఉన్న స్థితిలో దొరికినచో దానిని ఆర్పివేయరాదు. నేటి ఫోన్లలో సమాచారమంతా గుప్తలిపిలో ఉంటుంది. ఒకసారి ఆరిపోయి తిరిగి వెలిగిన ఫోను, తాళం సంఖ్య లేనిదే చాలావరకు నోరు విప్పదు. అదే సమయంలో దానిని నెట్‌వర్క్ నుండి తప్పించవలెను. లేనిచో నేరస్థుని సహచరుడు ఎక్కడి నుండో ఒక ఆజ్ఞ పంపి మొత్తం తుడిచివేయగలడు. అందువల్ల ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సిగ్నల్ చొరబడని సంచిలో ఉంచి, చార్జింగ్ తగ్గకుండ చూస్తూ తరలిస్తారు.

ల్యాప్‌టాప్ విషయంలో ఈ జాగ్రత్తకు ప్రపంచ ప్రసిద్ధి గాంచిన ఉదాహరణ అమెరికాలోని సిల్క్ రోడ్ కేసు. మాదకద్రవ్యాల రహస్య విపణిని నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్‌ను 2013 అక్టోబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక గ్రంథాలయంలో అరెస్టు చేసినప్పుడు, అధికారులు ముందుగా అతని చేతులను కాదు, తెరచి ఉన్న ల్యాప్‌టాప్‌ను దక్కించుకొన్నారు. అది మూతపడి ఉంటే గుప్తలిపి తాళం పడిపోయేది. దాని నుండి సుమారు 1,44,000 బిట్‌కాయిన్లు స్వాధీనమయ్యాయి. నడుస్తున్న కంప్యూటర్ తాత్కాలిక స్మృతి అయిన ర్యామ్‌లో పాస్‌వర్డులు, తెరచిన వాలెట్ల వివరాలు ఉంటాయి. విద్యుత్తు తీయగానే అవి మాయమవుతాయి. కనుక తీగ పీకుటకు ముందే ర్యామ్ నకలు తీయడం నేటి పద్ధతి.

ఇక ఈ రంగంలో కాగితానికి ఉన్న విలువ ఆశ్చర్యం గొలుపుతుంది. క్రిప్టో వాలెట్ అనేది నిజానికి డబ్బులుంచే సంచి కాదు, ప్రైవేటు కీ అనే రహస్య సంఖ్యను భద్రపరచే ఏర్పాటు. ఆ కీని తిరిగి పొందుటకు 2,048 సాధారణ ఇంగ్లీషు పదాల పట్టిక నుండి 12 లేదా 24 పదాలను వరుసగా ఇస్తారు. దీనినే సీడ్ ఫ్రేజు అంటారు. ఆ పదాలు ఎవరి దగ్గర ఉంటే కాయిన్లు వారివి. కాబట్టి సోదాలో డైరీ చివరి పుట, బీరువా తలుపుకు అంటించిన చీటీ, పిల్లల నోటుపుస్తకం కూడా పరిశీలింపవలసినవే. అర్థం లేని పన్నెండు ఇంగ్లీషు మాటలు ఒక వరుసలో కనబడితే అది కోట్ల విలువ చేసే తాళంచెవి కావచ్చును. ఆర్ట్స్ పట్టభద్రుడనైన ఈ వ్యాసకర్తకు, ఇంత గణితం చివరకు పన్నెండు మాటల చీటీ వద్ద ఆగడం కొంత వింతగానే తోచినది.

జప్తు చేసిన పరికరాన్ని పరిశీలకుడు నేరుగా తెరవడు. సమాచారం చదవనిస్తూ, రాయడాన్ని మాత్రం అడ్డుకొనే రైట్ బ్లాకర్ అనే సాధనం ద్వారా డిస్కు ప్రతిబింబాన్ని, ఖాళీ స్థలంతో సహా, తీస్తారు. పరిశీలన అంతా ఆ నకలుపైననే జరుగుతుంది. ఫోన్లకు వేరు సాధనాలున్నవి. ఇక్కడ ఒక భ్రమను తొలగించవలసి ఉన్నది. తొలగించిన సమాచారమంతా లాబొరేటరీ తిరిగి రప్పిస్తుందని సినిమాలు చూపుతాయి. పాత హార్డ్‌డిస్కుల్లో అది కొంతవరకు నిజం. నేటి ఫోన్లలో గుప్తలిపి వల్ల, మెమరీ తనను తాను శుభ్రపరచుకొనే తీరు వల్ల ఒకసారి తుడిచిన ఫోను నుండి తిరిగి రాబట్టగలిగేది బహుస్వల్పం. యాప్ డేటాబేసులలో మిగిలిన ముక్కలు, క్లౌడ్ బ్యాకప్‌లు, స్క్రీన్‌షాట్ల సూక్ష్మచిత్రాలు దొరికితే అదృష్టం. ఆ అదృష్టంపై ఆధారపడి ఫోను రీసెట్ చేయరాదు.

హైదరాబాదు రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ లాబొరేటరీలో ఇటువంటి సాక్ష్యాల కోసం జాతీయ సైబర్ ఫోరెన్సిక్ ప్రయోగశాల నెలకొల్పబడినది. రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ లాబొరేటరీ కలదు. సైబర్ నేరాల దర్యాప్తును సమన్వయపరచుటకు తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో 2023లో ఏర్పాటైనది. స్వదేశీ పరికరాలలో తిరువనంతపురంలోని సి-డాక్ రూపొందించిన సైబర్‌చెక్ పేర్కొనదగినది.

కాయిన్ల వెంట నడక

ఫోను నుండి చిరునామా, లావాదేవీ సంఖ్య లభించిన పిదప దర్యాప్తు బ్లాక్‌చెయిన్ వైపు మళ్ళుతుంది. బిట్‌కాయిన్‌లో ఒక సదుపాయం ఉన్నది. నూట ఇరవై రూపాయల వస్తువు కొని అయిదు వందల నోటు ఇస్తే చిల్లర వెనుకకు వచ్చినట్లు, బిట్‌కాయిన్ చెల్లింపులో మిగిలిన భాగం సాధారణంగా చెల్లించినవాని మరొక చిరునామాకే తిరిగి వస్తుంది. ఒకే చెల్లింపునకు అనేక చిరునామాల నుండి సొమ్ము పోగుచేసినచో, ఆ చిరునామాలన్నియు ఒకరివే అయి ఉండవచ్చును. ఈ సంగతిని సతోషి నకమోతో పత్రమే ప్రస్తావించినది. ఈ రెండు సూత్రాలతో వేర్వేరుగా కనబడే వందల చిరునామాలను ఒక గుంపుగా చేర్చవచ్చునని 2013లో అమెరికా పరిశోధకురాలు సారా మైకిల్‌జాన్, ఆమె సహచరులు నిరూపించారు. ఇప్పుడు చెయినాలిసిస్, ఎలిప్టిక్, టి.ఆర్.ఎం. ల్యాబ్స్ వంటి సంస్థల సాఫ్ట్‌వేర్లు ఈ పనిని బొమ్మగీసి చూపుతున్నాయి.

అయితే ఇది ఊహ, రుజువు కాదు. పలువురి చెల్లింపులను కావాలనే ఒకటిగా కలిపే పద్ధతులు ఉన్నందున గుంపు కట్టిన చిరునామాలన్నియు ఒకే మనిషివని కళ్ళు మూసుకొని చెప్పరాదు. సాఫ్ట్‌వేర్ గీసిన బొమ్మను చూసి ఒకరిని ముద్దాయిగా నిలబెట్టడం ప్రమాదకరం. బొమ్మ దారి చూపుతుంది, దారి చివర ఫోనో, కె.వై.సి. పత్రమో, బ్యాంకు పద్దో దొరకవలెను.

దారి చివర ఎక్కువగా తగిలేది ఎక్స్ఛేంజి. కాయిన్లను ఖర్చు పెట్టుకోవాలంటే వాటిని ఎక్కడో ఒకచోట రూపాయలుగానో, డాలర్లుగానో, దిర్హమ్‌లుగానో మార్చవలసిందే. 2023 మార్చి 7 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం క్రిప్టో సేవల సంస్థలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. అవి ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ వద్ద నమోదు కావలెను, ఖాతాదారుల గుర్తింపు పత్రాలను భద్రపరచవలెను, అనుమానాస్పద లావాదేవీలను నివేదించవలెను. నమోదు కాని తొమ్మిది విదేశీ సంస్థలకు అదే సంవత్సరం డిసెంబరులో నోటీసులు జారీ అయ్యాయి. అట్టి సంస్థకు దర్యాప్తు అధికారి చట్ట ప్రకారం నోటీసు పంపినప్పుడు ఆ చిరునామా వెనుకనున్న పాన్, ఆధార్, సెల్ఫీ, లాగిన్ చేసిన ఫోను వివరాలు లభిస్తాయి. పహాణీలో పేరు చేరేది అప్పుడే.

యు.ఎస్.డి.టి. విషయంలో మరొక వెసులుబాటు కలదు. జారీచేసిన సంస్థకు ఒక చిరునామాలోని కాయిన్లను కదలకుండ స్తంభింపజేసే సాంకేతిక అధికారం ఉన్నది. పోలీసుల అభ్యర్థనపై అట్లు జరిగిన సందర్భాలు వివిధ దేశాలలో అనేకం. బిట్‌కాయిన్‌కు ఇటువంటి యజమాని ఎవరూ లేరు. అయినను 2021 మే నెలలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ సంస్థ హ్యాకర్లకు చెల్లించిన 75 బిట్‌కాయిన్లలో 63.7 బిట్‌కాయిన్లను ఎఫ్.బి.ఐ. నెల తిరక్కుండానే రాబట్టగలిగినది. కాలం గడిచినా జాడ చెడదనుటకు బిట్‌ఫైనెక్స్ కేసు సాక్ష్యం. 2016 ఆగస్టులో ఆ ఎక్స్ఛేంజి నుండి సుమారు 1,19,000 బిట్‌కాయిన్లు చోరీ కాగా, అయిదున్నరేండ్ల తరువాత 2022 ఫిబ్రవరిలో వాటిలో 94 వేలకు పైగా స్వాధీనమయ్యాయి. తాళం దొరికినది నిందితుని క్లౌడ్ ఖాతాలో దాచిన ఒక ఫైలులో. అక్కడ కూడా పద్దు బ్లాక్‌చెయిన్ చెప్పినది, మనిషిని ఫైలు పట్టించినది.

మన యువకులకు సంబంధించిన ఒక మాట ఇక్కడ చెప్పక తప్పదు. కొందరు తమ వద్దనున్న యు.ఎస్.డి.టి.ని పరిచయం లేనివారికి నేరుగా అమ్మి, కొంత ఎక్కువ ధర పొందుతున్నారు. కొనేవాడు పంపే రూపాయలు ఎవరో బాధితునివి కావచ్చును. బాధితుడు ఫిర్యాదు చేసిన మరుక్షణం అమ్మినవాని బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది. తాను నిర్దోషినని నిరూపించుకొనుటకు అతడు ఎక్కడో దూరపు రాష్ట్రంలోని పోలీసు స్టేషన్ చుట్టూ తిరగవలసి వస్తుంది.

న్యాయస్థానం ఏమి కోరుతుంది

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా స్వీకరించు విధానాన్ని నిర్దేశిస్తున్నది. పూర్వపు సాక్ష్య చట్టంలోని 65-బి సెక్షన్ స్థానంలో ఇది వచ్చినది. నకళ్ళను దాఖలు చేయునప్పుడు నిర్ణీత ధ్రువపత్రం తప్పనిసరి అని సర్వోన్నత న్యాయస్థానం 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో స్పష్టం చేసియున్నది. కొత్త చట్టంలో ఆ ధ్రువపత్రానికి రెండు భాగాలు: ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉన్నదో వారు, రెండవది నిపుణుడు పూరించవలెను. అందులో హాష్ విలువను పేర్కొనవలెను.

హాష్ అనగా ఒక ఫైలు వేలిముద్ర అనుకోవచ్చును. ఫైలులోని సమాచారమంతటినీ ఒక గణిత సూత్రంలో వేస్తే నిర్ణీత పొడవు గల వరుస వస్తుంది. ఎస్.హెచ్.ఏ.-256 పద్ధతిలో అది 64 అక్షరాల వరుస. ఫైలులో ఒక్క చుక్క మారినా వరుస మొత్తం మారిపోతుంది. సోదా నాడు పంచనామాలో నమోదు చేసిన హాష్, రెండేండ్ల తరువాత న్యాయస్థానంలో తీసిన హాష్ ఒక్కటే అయినప్పుడు మధ్యలో ఎవరూ చేయి పెట్టలేదని రుజువవుతుంది. బిట్‌కాయిన్ బ్లాకులను ఒకదానితో ఒకటి బిగించి ఉంచేది కూడా ఇదే ఎస్.హెచ్.ఏ.-256 సూత్రం. నేరస్థుడు నమ్ముకొన్న గణితమే అతనిపై సాక్ష్యానికి కాపలా కాయుచున్నది.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాను, జప్తును వీడియో తీయవలెను. ఏడేండ్లు, అంతకు మించి శిక్షపడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలిని సందర్శించాలని 176వ సెక్షన్ చెబుతున్నది. సమాచార సాంకేతిక చట్టం కింది నేరాలను ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయవలెను.

క్రిప్టోను జప్తు చేయడంలో ఒక చిక్కున్నది. నిందితుని హార్డ్‌వేర్ వాలెట్‌ను కవరులో పెట్టి లక్క ముద్ర వేసినంత మాత్రాన కాయిన్లు జప్తు అయినట్లు కాదు. అవే పన్నెండు పదాలు తెలిసిన సహచరుడు మరొక ఊరి నుండి వాటిని తరలించుకుపోగలడు. పోలీసు మాల్‌ఖానాలో మిగిలేది ఖాళీ పరికరం. కావున కాయిన్లను ప్రభుత్వ అధీనంలోని వాలెట్‌కు వెంటనే బదిలీచేసి, ఆ లావాదేవీ సంఖ్యను పంచనామాలో రాసి, న్యాయస్థానానికి నివేదించవలసి ఉంటుంది. బంగారం జప్తుకు అలవాటుపడిన యంత్రాంగానికి ఇది కొత్త విద్య. ఇందులో శిక్షణ ఇంకా విస్తరించవలసి ఉన్నది.

క్రిప్టో లాభాలపై 2022 నుండి 30 శాతం పన్ను విధిస్తున్నందున ప్రభుత్వమే దీనిని గుర్తించినదని మోసగాళ్ళు ప్రచారం చేస్తున్నారు. పన్ను విధింపు వేరు, చట్టబద్ధ ద్రవ్యంగా గుర్తింపు వేరు. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న జారీచేసిన ఆంక్షల సర్క్యులర్‌ను సర్వోన్నత న్యాయస్థానం 2020 మార్చి 4న కొట్టివేసినది. దాని అర్థం కొనుగోళ్ళు నిషిద్ధం కావన్నంత మాత్రమే. పెట్టుబడికి ఎవరూ పూచీ వహించినట్లు కాదు.

పరిమితులు, పౌరుల బాధ్యత

జాడ తెలియడం వేరు, డబ్బు తిరిగి రావడం వేరు. కాయిన్లు ఒక బ్లాక్‌చెయిన్ నుండి మరొకదానికి దూకినప్పుడు, మిక్సర్లలో కలిసినప్పుడు, సహకరించని దేశంలోని ఎక్స్ఛేంజికి చేరినప్పుడు దర్యాప్తు మందగిస్తుంది. విదేశీ ప్రభుత్వాల ద్వారా సమాచారం తెప్పించుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది. మొనీరో వంటి కాయిన్ల ఖాతా బయటివారికి కనబడదు. కొన్ని గొలుసుకట్టు పథకాలలో అసలు బ్లాక్‌చెయినే ఉండదు. బాధితుడు చూసేది వెబ్‌సైటుపై రాసిన అంకెలను మాత్రమే. అక్కడ దర్యాప్తు బ్యాంకు పద్దులను, వెబ్‌సైటు నమోదు వివరాలను, వాట్సాప్ గ్రూపులను ఆశ్రయించవలసినదే.

అందువల్లనే తొలి గంటలకు అంత విలువ. బాధితుని రూపాయలు బ్యాంకు ఖాతాలలో తిరుగుతున్నంతసేపే వాటిని ఆపడం తేలిక. 1930 నంబరుకు ఫోను చేసినచో ఆ సమాచారం సంబంధిత బ్యాంకులకు చేరి, మిగిలియున్న మొత్తం నిలుపుదల అవుతుంది. ట్రాన్ బ్లాక్‌చెయిన్‌పై కొత్త బ్లాకు మూడు సెకన్లకొకటి ఏర్పడుతుంది. రూపాయలు కాయిన్లుగా మారిన తరువాత పోటీ ఆ వేగంతో.

ఫిర్యాదుకు వచ్చేవారు తమ ఫోనును ఉన్నది ఉన్నట్లుగా తీసుకొని రావలెను. యాప్‌ను తొలగించరాదు, గ్రూపు నుండి వైదొలగరాదు, ఫోనును రీసెట్ చేయరాదు. చెల్లింపుల యు.టి.ఆర్. సంఖ్యలు, మోసగాడు ఇచ్చిన వాలెట్ చిరునామా, లావాదేవీ సంఖ్య ముఖ్యం. వీటిని చేతితో రాసుకొనునప్పుడు ఒక్క అక్షరం పొరబడినా జాడ తప్పిపోతుంది కాబట్టి ఫోనులోనే నకలు చేసి ఉంచుకోవలెను. టెలిగ్రామ్‌లో ఎదుటివారు తమవైపు నుండి సంభాషణను పూర్తిగా తొలగించగలరు. కావున తేదీ, సమయం, యూజర్ పేరు కనబడేలా స్క్రీన్‌షాట్లు ముందుగానే తీసుకొనుట మేలు. ఏ స్టేషన్ పరిధి అనే సందేహం అక్కరలేదు. పరిధితో నిమిత్తం లేకుండ ఫిర్యాదు నమోదు చేయవలెనని కొత్త సంహిత 173వ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

సొమ్ము పోయిన కొద్ది వారాలకు మరొక ఫోను రావచ్చును. పోయిన క్రిప్టోను వెనుకకు రప్పిస్తామనీ, ముందుగా రుసుమో, పన్నో చెల్లించాలనీ చెబుతారు. కొందరు పోలీసు అధికారులమని కూడా చెప్పుకొంటారు. సీడ్ ఫ్రేజు పదాలు అడుగుతారు. దర్యాప్తు సంస్థ ఏదియు రికవరీ కొరకు బాధితుని నుండి రుసుము వసూలు చేయదు. బాధితుని సొంత వాలెట్‌లోని పన్నెండు పదాలు ఎవరికీ చెప్పవలసిన అవసరం లేదు. ఈ రెండవ మోసానికి గురియైన పక్షంలో దానిని కూడా పాత ఫిర్యాదు సంఖ్యతో జతపరచి తెలుపవలెను. చాలాసార్లు రెండు మోసాలూ ఒకే ముఠావి కావడం వల్ల కొత్త ఫోను నంబరు, కొత్త వాలెట్ చిరునామా పాత కేసుకు తాజా ఆధారాలవుతాయి.

ఫిర్యాదులను 1930 నంబరుకు ఫోను ద్వారా గాని, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ వెబ్‌సైటు ద్వారా గాని, సమీప పోలీసు స్టేషన్‌లో గాని అందజేయవచ్చును.

పౌర సంబంధాల అధికారి, బాన్సువాడ వారిచే జారీ.